పెరిగే నగరానికి ఎన్ని నిమిషాలకో బస్సు కావాలి?

పది నిమిషాలకో బస్సు అని స్టాపులో బోర్డు ఉంటుంది. కాళ్ళు పీకేదాకా ఇరవై నిమిషాలు నిలబడ్డా ఒక్కటీ రాదు, తీరా వచ్చేటప్పుడు రెండూ ఒకదాని వెనక ఒకటి అంటుకుని వస్తాయి. ముందుది కిటకిటలాడుతూ ఉంటుంది, వెనకది దాదాపు ఖాళీ. డ్రైవర్లిద్దరూ డిపోలో కబుర్లాడుకుని కలిసి బయల్దేరి ఉంటారని జనం తిట్టుకుంటారు. పాపం, ఇందులో వాళ్ళ తప్పు చాలా తక్కువ.

ఏం జరుగుతుందంటే, ముందు బస్సు ఎక్కడో ఓ సిగ్నల్ దగ్గర ఒక్క నిమిషం ఎక్కువ ఆగిందనుకోండి. ఆ నిమిషంలో తర్వాతి స్టాపులో ఇంకో నలుగురైదుగురు చేరతారు. వాళ్ళందరూ ఒకే తలుపులోంచి ఎక్కి, టికెట్ తీసుకుని, లోపలికి జరగాలి. మనిషికి మూడు నాలుగు సెకన్లు వేసుకున్నా బస్సు ఇంకాస్త వెనకబడుతుంది, దాంతో ఆ పై స్టాపులో ఇంకొంతమంది చేరతారు. వెనకొచ్చే బస్సుకి సరిగ్గా దీనికి తిరగేసి జరుగుతుంది. ఎక్కాల్సినవాళ్ళని ముందుదే ఊడ్చుకుపోయింది కాబట్టి దానికి స్టాపుల్లో పని తక్కువ, చకచకా వచ్చేసి ముందుదాని తోక పట్టుకుంటుంది. గోర్డన్ న్యూయెల్, రెన్‌ఫ్రీ పాట్స్ అనే ఇద్దరు 1964లోనే దీన్ని లెక్కకట్టి చూపించారు, వాటి మానాన వాటిని వదిలేస్తే బస్సులు జతకట్టే తీరతాయని, టైంటేబుల్ ఎంత ముచ్చటగా వేసినా సరే.

ఇప్పుడో చిన్న లెక్క. గంటకి ఆరు బస్సులు సమానంగా వస్తుంటే, మనం ఏ నిమిషంలో స్టాపుకి వెళ్ళినా సగటున ఐదు నిమిషాలు నిలబడితే చాలు. అవే ఆరు బస్సులు మూడు జతలుగా వస్తే సగటున పది నిమిషాలు నిలబడాలి. బస్సులు అన్నే, డ్రైవర్లు అంతమందే, డీజిల్ అంతే, జీతాలు అంతే, జనం నిలబడేది మాత్రం రెట్టింపు. పైగా ఇది ఆఫీసు రిజిస్టర్‌లో ఎక్కడా కనపడదు. ఆరు ట్రిప్పులు నడపాలన్నారు, ఆరూ నడిచాయి, నూటికి నూరు మార్కులు. స్టాపులో నిలబడ్డ పది నిమిషాలు, బస్సులో కూర్చుని వెళ్ళిన పది నిమిషాలు మనిషికి ఒకేలా ఉండవని ప్లానర్లకి బాగా తెలుసు, అందుకే వాళ్ళ లెక్కల్లో నిరీక్షణకి మామూలుగా రెట్టింపు దాకా బరువు వేస్తారు.

దీనికి మందులు కూడా ఎప్పటినుంచో ఉన్నవే. అన్ని తలుపుల్లోంచీ ఎక్కనివ్వడం, టికెట్ బస్సెక్కకముందే తీసుకునేలా చెయ్యడం, 150 మీటర్లకో స్టాపు ఉంటే రెంటిలో ఒకటి ఎత్తెయ్యడం, కంట్రోల్ రూమ్‌లో కూర్చున్న మనిషి వెనక బస్సుని రెండు నిమిషాలు ఆపమని చెప్పగలగడం, అన్నిటికన్నా ముందు ఆ బస్సు కార్ల వరసలో ఇరుక్కోకుండా దానికి విడిగా దారి ఇవ్వడం. వీటిలో ఏదీ వార్తల్లోకెక్కే సంగతి కాదు, ఏ మంత్రీ వీటికి శంకుస్థాపన చెయ్యలేడు, అసలు చిక్కంతా అక్కడే ఉందని నాకు అనిపిస్తుంది.

నగర రవాణా భవిష్యత్తు గురించి ఎక్కడ చర్చ మొదలైనా రెండు నిమిషాల్లో అది వాహనం మీదికి మళ్ళిపోతుంది. కరెంటుతో నడిచేదా, డ్రైవర్ ఉంటాడా, పైన ఎగురుతుందా, యాప్‌లో పిలిస్తే వస్తుందా. నా ఉద్దేశంలో అడగాల్సినవి అంతకన్నా మొరటు ప్రశ్నలు, రెండే రెండు: బండి ఎన్ని నిమిషాలకొకటి వస్తుంది, రోడ్డు మీద చోటు ఎవరికిచ్చారు. ఈ రెంటికీ సూటిగా జవాబు చెప్పగలిగిన నగరం పాత బస్సులతో కూడా బాగానే నెట్టుకొస్తుంది, చెప్పలేని నగరానికి ఏ కొత్త వాహనం తెచ్చిచ్చినా అది కూడా వెళ్ళి అదే జామ్‌లో నిలబడుతుంది.

పెరుగుతున్న నగరాలకి ఇది ఎందుకంత అర్జెంటు అంటే, ఐక్యరాజ్యసమితి 2018లో వేసిన అంచనా ప్రకారం 2050 నాటికి ప్రపంచ జనాభాలో 68 శాతం పట్టణాల్లోనే ఉంటారు, కొత్తగా చేరేవాళ్ళు సుమారు 250 కోట్లు, అందులో దాదాపు 90 శాతం ఆసియా, ఆఫ్రికాల్లోనే. వీళ్ళలో ఎక్కువమంది నగరం నడిబొడ్డున దిగరు, అద్దె తక్కువున్న అంచుల్లో దిగుతారు, పనులేమో మధ్యలోనే ఉంటాయి. మనుషులు రోజుకి ప్రయాణం మీద పెట్టే సమయం ఎక్కడైనా, ఏ కాలంలోనైనా ఇంచుమించు గంటే ఉంటుందని ఇటలీ భౌతికశాస్త్రవేత్త చెజారే మార్కెట్టి 1994లో రాశాడు. ఆ మాటని మరీ శాసనంలా తీసుకోనక్కర్లేదు, రోజూ మూడేసి గంటలు తిరిగేవాళ్ళు కోట్లమంది ఉన్నారు. కానీ అందులో ఒక నిజం ఉంది. ప్రయాణం వేగం పెరిగితే జనం ఆ మిగిలిన టైముని ఇంట్లో కూర్చోవడానికి దాచుకోరు, ఇంకా దూరంగా ఇల్లు చూసుకుంటారు, నగరం ఇంకాస్త సాగుతుంది.

సరే, చోటు సంగతికొద్దాం. సిగ్నళ్ళున్న నగర రోడ్డు మీద ఒక లేన్‌లో గంటకి ఆరేడు వందల కార్లు దాటితే గొప్ప. కారుకి సగటున ఒకటిన్నర మనిషిని వేసుకుంటే వెయ్యి మంది. అదే లేన్‌లోకి బస్సుల్ని మాత్రమే వదిలి, నిమిషానికొకటి చొప్పున, ఒక్కోదాంట్లో 70 మందిని పంపితే 4,200 మంది. రోడ్డు వెడల్పు ఒక్క అడుగు పెంచలేదు. ఇంకాస్త శ్రద్ధ పెట్టి స్టేషన్ల దగ్గర ఒక బస్సు ఇంకోదాన్ని దాటిపోయేలా రెండో లేన్ ఇచ్చి, ప్లాట్‌ఫామ్ ఎత్తు బస్సు ఎత్తుకి కలిపితే ఏమవుతుందో కొలంబియా రాజధాని బొగోటాలో చూడొచ్చు. అక్కడ 2000 డిసెంబర్‌లో మొదలైన ట్రాన్స్‌మిలెనియో అనే బస్సు వ్యవస్థ ఒక్కో దిశలో గంటకి 40 వేలమందికి పైగా మోస్తుంది, చాలా మెట్రోలకి కూడా అంత రద్దీ ఉండదు. దాంట్లో ఊపిరాడనంత తొక్కిడి అని అక్కడి జనం గోల పెడతారు, అదీ నిజమే. బస్సుని దాని శక్తికి మించి వాడుకుని, పట్టాల మీద పెట్టాల్సిన డబ్బుని దశాబ్దాలు వాయిదా వేస్తే అలాగే ఉంటుంది.

ఈ లెక్కలో ఇంజన్ ఎక్కడా లేదని గమనించారా? పెట్రోలు కారు తీసేసి దాని చోట కరెంటు కారు పెడితే పొగ తగ్గుతుంది, చప్పుడు తగ్గుతుంది, అవి చిన్న లాభాలేమీ కావు, కానీ అది ఆక్రమించే చోటు అంగుళం కూడా తగ్గదు. చైనాలోని షెన్‌జెన్ నగరం 2017 చివరికల్లా తన 16 వేల పైచిలుకు బస్సులన్నిటినీ ఎలక్ట్రిక్ చేసేసింది, మెచ్చుకోవాల్సిందే, రోడ్డు పక్కన ఇళ్ళల్లో ఉండేవాళ్ళకి అది పెద్ద ఊరట. అయితే ట్రాఫిక్‌లో చిక్కుకున్న ఎలక్ట్రిక్ బస్సు, ట్రాఫిక్‌లో చిక్కుకున్న డీజిల్ బస్సు స్టాపులో నిలబడ్డవాడికి ఒకే టైముకి వస్తాయి.

మరి రోడ్లు వెడల్పు చేస్తే? అమెరికా ఆర్థికవేత్త ఆంథొనీ డౌన్స్ 1962లోనే చెప్పాడు, రద్దీ వేళల్లో కొత్త రోడ్డు నిండేదాకా జనం దాంట్లోకి వస్తూనే ఉంటారని. 2011లో డ్యురాంటన్, టర్నర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికా నగరాల హైవేల లెక్కలన్నీ తీసి చూస్తే, రోడ్డు ఎంత శాతం పెరిగితే వాహనాలు తిరిగే దూరం కూడా ఇంచుమించు అంతే శాతం పెరుగుతోందని తేలింది. హ్యూస్టన్‌లో కేటీ ఫ్రీవేని 2008 నాటికి పక్క రోడ్లతో కలిపి కొన్నిచోట్ల 26 లేన్ల దాకా వెడల్పు చేశారు, కొన్నేళ్ళు తిరక్కుండానే రద్దీ వేళల్లో ప్రయాణ సమయం మళ్ళీ పెరగడం మొదలైంది. ఇంతవరకూ చాలామందికి తెలిసిన కథే, బస్సులూ మెట్రోలూ కావాలనేవాళ్ళు దీన్ని సంతోషంగా చెప్పుకుంటారు కూడా.

వాళ్ళు చెప్పని రెండో సగం ఒకటుంది. అదే పరిశోధనలో ప్రజా రవాణా పెంచినా వాహనాలు తిరిగే దూరం తగ్గినట్టు కనపడలేదు. ఆలోచిస్తే అర్థమవుతుంది. మెట్రో వచ్చింది, వెయ్యిమంది కార్లు వదిలి అందులో ఎక్కారు, రోడ్డు మీద కాస్త ఖాళీ కనపడింది, ఆ ఖాళీ చూసి అంతకుముందు ట్రాఫిక్‌కి జడిసి ఇంట్లో ఉన్న ఇంకో వెయ్యిమంది బండి బయటికి తీశారు. కొత్త లేన్ ఎలా నిండిందో ఇదీ అలాగే నిండుతుంది. అందుకే "మెట్రో వస్తే ట్రాఫిక్ తగ్గిపోతుంది" అని ఎవరైనా మాటిస్తే అది నెరవేరని మాట. పదేళ్ళ తర్వాత ట్రాఫిక్ తగ్గలేదు చూశారా, డబ్బంతా దండగ అని అదే మాటని తిప్పి కొడతారు. ప్రజా రవాణా చేసే పని వేరు. రోడ్డు నిండిపోయినా లక్షలమందిని టైముకి చేర్చడం, బండి కొనలేనివాళ్ళకీ, నడపలేనివాళ్ళకీ, నడపడం ఇష్టంలేనివాళ్ళకీ నగరమంతా అందుబాటులో ఉంచడం. రద్దీని తగ్గించడం దాని చేతిలో లేదు.

రద్దీ తగ్గించేది ఒక్కటే ఉంది, ఎవరికీ ఇష్టంలేనిది: రద్దీ వేళల్లో రోడ్డు వాడుకున్నందుకు డబ్బు తీసుకోవడం. సింగపూర్ 1975లోనే మొదలుపెట్టింది, అప్పట్లో అద్దానికి కాగితం లైసెన్సు అంటించుకుని నగరం మధ్యలోకి వెళ్ళాలి, 1998లో అది ఎలక్ట్రానిక్ అయింది. లండన్ 2003లో, న్యూయార్క్ ఏళ్ళ తరబడి తగువుల తర్వాత 2025 జనవరిలో. వీటన్నిటిలో స్టాక్‌హోమ్ కథ నాకు బాగా నచ్చుతుంది. అక్కడ జనం ముందు గట్టిగా వద్దన్నారు. సరే, ఏడు నెలలు పెట్టి చూద్దాం, తర్వాత మీరే ఓటెయ్యండి అన్నారు. 2006 జనవరిలో మొదలుపెడితే నగరం మధ్యలోకి వచ్చిపోయే వాహనాలు సుమారు 20 శాతం తగ్గాయి. ఐదింట ఒక కారు తగ్గితే క్యూలు ఐదోవంతు తగ్గుతాయనుకుంటాం, కాదు, అంతకన్నా చాలా ఎక్కువ తగ్గుతాయి, ఎందుకంటే జామ్‌కి కారణం ఎప్పుడూ ఆ చివర్న వచ్చి చేరే కొద్ది కార్లే. జూలై చివర్లో ఆపేస్తే ట్రాఫిక్ మళ్ళీ పెరిగింది. సెప్టెంబర్‌లో ఓటింగ్ పెడితే నగరవాసుల్లో సగానికి పైగా ఔనన్నారు, 2007 ఆగస్టు నుంచి అది శాశ్వతమైంది. ఇంకో సంగతి కూడా చెప్పాలి, వసూలు మొదలుపెట్టకముందే, 2005 ఆగస్టులోనే అక్కడ కొత్త బస్సులు దింపారు. ముందు ఇంకో దారి చూపించి ఆ తర్వాత జేబులో చెయ్యి పెట్టారన్నమాట. ఈ వరస తిరగబడితే జనం ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా.

ఇక్కడ కారుకీ బస్సుకీ ఒక పెద్ద తేడా ఉంది, దీన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ. రోడ్డు మీదికి కొత్తగా ఒక కారు వస్తే మిగతా కార్లన్నీ కాస్త నెమ్మదిస్తాయి. బస్సు రూటుకి కొత్తగా జనం వస్తే, వాళ్ళకోసం ఇంకో బస్సు వేస్తారు, దాంతో ఇరవై నిమిషాలకోటి వచ్చేది పదిహేనుకి వస్తుంది, పాత ప్రయాణికులకి కూడా లాభం. హెర్బర్ట్ మోరింగ్ అనే ఆర్థికవేత్త 1972లో ఈ సంగతి రాశాడు, ప్రజా రవాణాకి సబ్సిడీ ఎందుకివ్వాలో చెప్పే గట్టి వాదన ఇప్పటికీ ఇదే. ఒకరు ఎక్కితే అందరికీ మేలు జరిగే సరుకు ఇది. కానీ ఇదే చక్రం వెనక్కి కూడా తిరుగుతుంది. జనం తగ్గారు, నష్టం వస్తోంది, ట్రిప్పులు తగ్గిద్దాం అంటారు. ట్రిప్పులు తగ్గితే ఇంకా ఎక్కువసేపు నిలబడాలి, ఓపిక ఉన్నవాళ్ళు తప్ప మిగతావాళ్ళు అప్పుచేసైనా బండి కొనుక్కుంటారు, జనం ఇంకా తగ్గుతారు, మళ్ళీ ట్రిప్పులు తగ్గిద్దాం. ఒకసారి బండి కొన్నవాడిని తిరిగి బస్సెక్కించడం మహా కష్టం. అందుకే నగరం పెరుగుతున్నప్పుడే, జనం చేతికి తాళాలు రాకముందే బస్సు బాగుండాలి.

నష్టం అనే మాట కూడా కాస్త చిరాకు పుట్టిస్తుంది. వీధిలో రోడ్డు ఎంత లాభం తెచ్చిందని ఎవరూ అడగరు, బస్సుని మాత్రం ప్రతి ఏడూ బోనులో నిలబెడతారు. ఆ సంగతి అలా ఉంచితే, టికెట్ డబ్బులొక్కటే ఆదాయం అనుకోవడం వల్లే ఈ బాధ. స్టేషన్ వస్తే చుట్టుపక్కల స్థలాల ధర పెరుగుతుంది, ఆ పెరిగింది ఎవరికి పోవాలన్నది అసలు ప్రశ్న. జపాన్‌లో కొబయాషి ఇచిజో అనే ఆయన 1910లో ఒసాకా నుంచి జనం పెద్దగా లేని పొలాల మీదుగా రైలు వేశాడు. ఎవరెక్కుతారయ్యా అంటే, దారి పొడవునా ముందే స్థలాలు కొనిపెట్టుకుని, ఇళ్ళు కట్టి వాయిదాల మీద అమ్మాడు. రైలు వల్ల ఇళ్ళు అమ్ముడుపోయాయి, ఇళ్ళ వల్ల రైలు నిండింది. సెలవుల్లో రైలు ఖాళీగా పోకుండా అటు చివర తకరాజుకాలో వినోదశాలలు, తర్వాత ఇటు చివర స్టేషన్లోనే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్. హాంకాంగ్ మెట్రో కూడా స్టేషన్ల పైనా చుట్టూరా కట్టడాల హక్కులు తీసుకుని ఆ లాభంతో లైన్లు వేస్తుంది. పెరిగే నగరాలకి ఈ అవకాశం ఇప్పుడే ఉంది, రేపు ఉండదు. లైను ఎటు వెళ్తుందో ముందే పసిగట్టి ఎవరెవరో కొనేసుకున్నాక ప్రభుత్వానికి మిగిలేది అప్పు మాత్రమే.

టికెట్ ఎత్తేస్తే? లక్సెంబర్గ్ 2020లో దేశం మొత్తం ఉచితం చేసింది, ఎస్తోనియా రాజధాని టాలిన్ 2013 నుంచే అక్కడ నివాసం ఉన్నవాళ్ళకి ఉచితం చేసింది. టాలిన్‌లో కొత్తగా బస్సెక్కినవాళ్ళలో ఎక్కువమంది కార్లు వదిలి వచ్చినవాళ్ళు కాదు, అంతకుముందు నడిచి వెళ్ళినవాళ్ళే. డబ్బుకి వెతుక్కునేవాళ్ళకి ఉచితం నిజంగా వరమే, కాదనను. అయితే చేతిలో ఉన్న సొమ్ము కొంచెమే అయినప్పుడు, గంటకోసారి వచ్చే ఉచిత బస్సుకన్నా పది నిమిషాలకోసారి వచ్చే చవక బస్సుకే నా ఓటు.

ఇక మెట్రోనా, బస్సా అని కొట్టుకోవడం. ఒక దారిలో గంటకి అరవై వేలమంది కదలాలంటే మెట్రో తప్ప గతిలేదు, అక్కడ వాదనే అనవసరం. బాధల్లా ఎక్కడంటే, వేల కోట్లు పోసి మెట్రో కట్టి, స్టేషన్ దిగాక ఇంటిదాకా పోవడానికి ఫుట్‌పాత్ వెయ్యరు, చిన్న బస్సు నడపరు. ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడటం అంటే ఇదే. కొలంబియాలోనే మెడెయ్యిన్ నగరం మెట్రో కట్టాక కొండ మీది పేటల్లో ఉండేవాళ్ళు అక్కడికి దిగి రాలేకపోతున్నారని చూసి 2004లో కేబుల్ కార్ వేసి స్టేషన్‌కి కలిపింది. ఒకటే టికెట్, స్టేషన్లోనే మారడం. ఇందులో మెచ్చుకోవాల్సింది కేబుల్ కార్‌ని కాదు, ఆ కలపడాన్ని.

జ్యూరిక్ ఇంకో దారి పట్టింది. అక్కడ 1962లో ట్రాములని భూగర్భంలోకి దించుదామంటే జనం ఓటేసి వద్దన్నారు, 1973లో మెట్రో కడదామంటే దాన్నీ వద్దన్నారు. 1977లో మాత్రం ఉన్న ట్రాములూ బస్సులూ త్వరగా పోయేలా చెయ్యడానికి డబ్బు పెట్టమని ఓటేశారు. ట్రాము వస్తుంటే సిగ్నల్ పచ్చగా మారాలి, దాని దారిలో కారు నిలబడకూడదు, అంతే. సొరంగాలు తవ్వడం మానేసి కార్ల దగ్గర్నుంచి చోటు తీసుకున్నారు. ఇదే పని ఢిల్లీలో 2008లో చేయబోతే ఎంత రచ్చ అయిందో గుర్తుండే ఉంటుంది. అంబేడ్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా ఐదారు కిలోమీటర్ల బస్ లేన్. కార్లవాళ్ళు కోర్టుకి కూడా వెళ్ళారు, 2012లో హైకోర్టు ఆ పిటిషన్ని కొట్టేసింది, అయినా 2016లో లేన్‌నే పీకేశారు. బస్సులో ఉన్నవాళ్ళు ఎక్కువమంది, గొంతు మాత్రం కార్లో ఉన్నవాళ్ళది పెద్దది. చోటు పంచడం ఇంజనీరింగ్ సమస్య అనుకునేవాళ్ళు ఒకసారి ఈ కథ చదవాలి.

ఇంకో పక్క, చాలా పెద్ద నగరాల్లో జనాన్ని మోసేది ప్రభుత్వ బస్సూ కాదు, మెట్రో కూడా కాదు. నైరోబీలో మటాటూలు, లాగోస్‌లో డాన్‌ఫోలు, దార్ ఎస్ సలామ్‌లో దలదలాలు, ఇలా ఒక్కోచోట ఒక్కో పేరున్న చిన్న ప్రైవేటు బళ్ళు. ఇవి నిండేదాకా కదలవు, కదిలాక ప్రాణాలకి తెగించి పరుగులు, ఎక్కడపడితే అక్కడ ఆగడాలు. డ్రైవర్లకి క్రమశిక్షణ లేదని అందరూ అంటారు. కాస్త దగ్గర్నుంచి చూస్తే వాళ్ళ లెక్క వేరే. బండి యజమానిది, డ్రైవర్ రోజుకింత అని అతనికి కట్టాలి, ఆయిలు తన ఖర్చే, ఆ పైన మిగిలిందే ఇంటికి. ఖాళీగా బయల్దేరితే ఆయిలు ఖర్చు మీద పడుతుంది, అందుకని నిండేదాకా కదలడు. ముందు పోయే బండి ఎక్కించుకునే ప్రతి మనిషీ తన జేబులోంచి పోయినట్టే, అందుకని దాన్ని దాటాలి. తెలివైనవాడెవడైనా ఆ సీట్లో కూర్చుంటే అలాగే నడుపుతాడు. జీతం పద్ధతి మారిస్తే డ్రైవింగ్ దానంతటదే మారుతుంది. జకార్తా ఈ కిటుకు పట్టుకుంది. అక్కడ 2004లో మొదలైన ట్రాన్స్‌జకార్తా అనే నగర బస్సు సంస్థ, 2018 నుంచి చిన్న బళ్ళని కూడా తనలో కలుపుకుంటూ, ఎక్కినవాళ్ళ లెక్కన కాకుండా తిరిగిన కిలోమీటర్ల లెక్కన డబ్బు చెల్లించడం మొదలుపెట్టింది. జనం కోసం కొట్టుకోవాల్సిన పని పోయింది. వీళ్ళని రోడ్డు మీంచి తరిమేసి కొత్త బస్సులు తెస్తామనే ప్లాన్లు నాకు భయం పుట్టిస్తాయి, ఎందుకంటే ఏ సందులో ఎప్పుడు ఎంతమంది ఉంటారో వాళ్ళకి తెలిసినంత ఏ కన్సల్టెంటుకీ తెలియదు. చిలీ రాజధాని శాంటియాగోలో 2007 ఫిబ్రవరిలో రాత్రికి రాత్రి పాత బస్సు రూట్లన్నీ ఎత్తేసి కొత్త పద్ధతి పెట్టారు. బస్సులు చాలలేదు, జనం గంటలు గంటలు నిలబడ్డారు, మెట్రో కిక్కిరిసిపోయింది.

కొత్త టెక్నాలజీ సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తా. డ్రైవర్ లేని కారు యజమానిని ఆఫీసు దగ్గర దించి, పార్కింగ్ వెతుక్కుంటూనో ఇంకో గిరాకీ కోసమో ఖాళీగా తిరుగుతుంది, అంటే కారుకి ఒకటిన్నర మనిషి అనుకున్న లెక్క సున్నాకి కూడా పడుతుంది. డ్రైవర్ లేకపోవడం వల్ల అసలైన లాభం ఎక్కడుందో పాత మెట్రోలే చూపించాయి. ఫ్రాన్స్‌లోని లీల్ నగరంలో 1983లోనే డ్రైవర్ లేని మెట్రో నడిచింది, కోపెన్‌హేగెన్‌లో 2002 నుంచి ఉంది. చిన్న రైళ్ళు, రెండు మూడు నిమిషాలకొకటి, అర్ధరాత్రి కూడా ఎక్కువ ఖర్చు లేకుండా నడపొచ్చు. పిలిస్తే వచ్చే చిన్న బస్సులని హెల్సింకి 2012 నుంచి ప్రయత్నించి, సబ్సిడీ మోయలేక 2015 చివర్లో ఆపేసింది. ఇంటింటికీ తిరిగే బండి గంటకి ఎంతమందిని ఎక్కించుకోగలదు చెప్పండి, పదిమందైతే గొప్ప. అదే నగరంలో 2016లో వచ్చిన విమ్ అనే యాప్, బస్సు, టాక్సీ, సైకిలు అన్నీ ఒకే నెలవారీ చందాలో ఇస్తానని ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది, దాన్ని నడిపిన కంపెనీ 2024లో దివాళా తీసింది. అన్నిటికీ ఒకే టికెట్ అనేది మంచి ఆలోచనే, కానీ దానికి యాప్ కన్నా ముందు కావాల్సింది రవాణా సంస్థల మధ్య ఒప్పందం. హాంబుర్గ్‌లో బస్సులూ రైళ్ళూ నడిపే సంస్థలన్నీ 1965లోనే చేతులు కలిపి, ఆ తర్వాత ఒకటే టికెట్, ఒకటే టైంటేబుల్ పెట్టుకున్నాయి. అప్పటికి సెల్‌ఫోన్ అనే వస్తువే లేదు.

ఆ ఒప్పందమే కుదరదు చాలాచోట్ల. రోడ్డు ఒకరిది, సిగ్నల్ పోలీసులది, బస్సు ఇంకో సంస్థది, మెట్రో వేరే కంపెనీ, ఫుట్‌పాత్ మునిసిపాలిటీ, స్థలాల అనుమతులు మరొకరి చేతిలో. ఏదైనా చెడితే తిలాపాపం తలా పిడికెడు. దీని దెబ్బ అందరికన్నా ఎక్కువ తగిలేది ఆడవాళ్ళకి, ఎందుకంటే ఇంటి నుంచి ఆఫీసు, ఆఫీసు నుంచి ఇల్లు అనే తిన్నని గీత వాళ్ళలో చాలామందికి ఉండదు. పిల్లని బడి దగ్గర దించి, పనికి వెళ్ళి, మధ్యలో మందులు కొని, పెద్దవాళ్ళని చూసి, మళ్ళీ బడికి. ప్రతి మలుపులోనూ కొత్త టికెట్, కొత్త నిరీక్షణ. టికెట్ ఒకసారి తీసుకుంటే గంటన్నరసేపు ఏ బస్సైనా ఏ రైలైనా ఎక్కొచ్చు అని పెడితే ఈ ప్రయాణాలన్నీ ఒక్క దెబ్బతో చవకవుతాయి. సియోల్ 2004లో ఇలాంటి పనే చేసింది, బస్సూ సబ్‌వే కలిపి ఎంత దూరం వెళ్తే అంతకే చార్జీ, మారినందుకు జరిమానా లేదు. రూట్లేవి, టైములేవి అనేది నగరం నిర్ణయిస్తుంది, బస్సులు మాత్రం ప్రైవేటు కంపెనీలు నడుపుతాయి. మొదటి రోజుల్లో కార్డులు పనిచెయ్యక అక్కడా నానా గందరగోళం అయింది, కానీ వెనక్కి పోలేదు.

కట్టడానికి డబ్బు ఎలాగో దొరుకుతుంది, అప్పో, గ్రాంటో, విదేశీ బ్యాంకో. ఏటా నడపడానికి ఇచ్చేవాళ్ళే ఉండరు. కాబట్టి మీ నగరానికి ఏదైనా కొత్త ప్రాజెక్టు ప్రకటించినప్పుడు, ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని స్టేషన్లు, బోగీ రంగేంటి అనే పేజీలు దాటేసి వెనక్కి వెళ్ళండి. ప్రారంభమైన పదో ఏట, మామూలు మంగళవారం రాత్రి తొమ్మిదిన్నరకి, ఆ స్టేషన్ నుంచి ఇళ్ళవైపు పోయే బస్సు ఎన్ని నిమిషాలకొకటి అని రాశారా, దాని డ్రైవర్ జీతం ఏ బడ్జెట్‌లోంచి వస్తుందని రాశారా, ఆ రెండూ చూడండి.